విండోస్ 11లో ప్రైమోక్యాష్: రెండేళ్లు వాడిన తర్వాత

నా ఫొటోలన్నీ ఒక 4 టీబీ హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. కొత్త కంప్యూటర్‌తో విండోస్ 11కి మారినప్పుడు సిస్టమ్ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చాలా వేగమైన డిస్కు) మీదకు వెళ్లింది. ఫొటోల డిస్కును మాత్రం పాత కంప్యూటర్లోంచి తీసి ఇందులో బిగించుకున్నాను. దాంతో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. కంప్యూటర్ చిటికెలో ఆన్ అయ్యేది, ఫొటో ప్రోగ్రామ్‌లో నా ఫొటోల జాబితా అయిన కేటలాగ్ తెరిస్తే మాత్రం థంబ్‌నెయిల్స్ (ఫొటోల చిన్న బొమ్మలు) ఒక్కొక్కటిగా తాపీగా వచ్చేవి. ఆ ఎదురుచూపు భరించలేక ప్రైమోక్యాష్ వేసుకున్నాను. నెమ్మదైన డిస్కులోని డేటా నకలును వేగమైన చోట దాచి, మళ్లీ అడిగితే అక్కడి నుంచే ఇచ్చే ప్రోగ్రామ్ ఇది. ఆ దాచే చోటునే క్యాష్ అంటారు. ట్రయల్ అయ్యాక లైసెన్స్ కూడా కొన్నాను. ఇప్పటికి రెండేళ్లు దాటింది.

హార్డ్ డిస్క్ ఎందుకు నెమ్మదో ముందు చెప్పాలి, మిగతా కథంతా దాని మీదే ఉంది. నాది నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావలసిన డేటా హెడ్ కిందకు రావడానికి సగటున అందులో సగం పడుతుంది, హెడ్ సరైన ట్రాక్ దగ్గరకు జరగడానికి ఇంకొంత. డేటా చిన్న ముక్కలుగా డిస్కంతా చెల్లాచెదురుగా ఉంటే, సెకనుకు వంద చోట్లకు వెళ్లడమే దానికి గగనం. అదే డిస్కును ఒక పెద్ద వీడియో వరసగా చదవమంటే హాయిగా చదువుతుంది. కాబట్టి క్యాష్ అక్కరకొచ్చేది చిన్న ముక్కల దగ్గరే. ఇది నాకు మొదట్లోనే తెలిసి ఉంటే మూడు నెలల తిప్పలు తప్పేవి.

ప్రైమోక్యాష్‌లో రెండు అంచెలు ఉంటాయి. ఎల్1 అంటే ర్యామ్‌లో కేటాయించిన చోటు. ఎల్2 అంటే ఎస్‌ఎస్‌డీలో కేటాయించిన చోటు. నేను 32 జీబీ ర్యామ్‌లో 12 జీబీ ఎల్1కి ఇచ్చేసి, డిస్కు వేగం కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే బెంచ్‌మార్క్‌తో టెస్ట్ చేశాను. హార్డ్ డిస్క్ వేగం సెకనుకు గిగాబైట్లలో చూపించింది! ఆ రోజు ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తర్వాత కేటలాగ్ తెరిచాను. థంబ్‌నెయిల్స్ ఎప్పటిలాగే తాపీగా వచ్చాయి.

దీనికి కారణం తెలియడానికి చాలా రోజులు పట్టింది. విండోస్ తనంతట తానే ఖాళీగా ఉన్న ర్యామ్‌ను ఫైళ్ల క్యాష్‌గా వాడుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఆ లెక్క కనిపిస్తుంది. మనం ఒకసారి తెరిచిన ఫైల్‌ను మళ్లీ తెరిస్తే, చాలాసార్లు అది అక్కడి నుంచే వస్తుంది. ప్రైమోక్యాష్ పనిచేసేది ఫైల్ సిస్టమ్‌కి (ఏ ఫైల్ డిస్కులో ఎక్కడుందో చూసుకునే భాగానికి) కింద, డిస్క్ బ్లాకుల దగ్గర. విండోస్ క్యాష్‌లో దొరికిన డేటా కోసం అభ్యర్థన అంత కిందకి రానే రాదు. అంటే నేను 12 జీబీ పక్కకు తీసి, విండోస్ ముందు నుంచీ చేస్తున్న పనినే ఇంకొకరికి అప్పగించాను. బెంచ్‌మార్క్ సంగతి వేరు. అది కావాలనే విండోస్ క్యాష్‌ను దాటేసి డిస్కును అడుగుతుంది. మధ్యలో ఉన్న ఎల్1 ర్యామ్‌లోంచి తీసి జవాబిస్తుంది. ఆ అంకె ర్యామ్‌దే. డిస్కుకూ మన రోజువారీ పనికీ దానితో సంబంధం లేదు.

పైగా అంత ర్యామ్ తీసేసరికి ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రామ్‌కే కరువొచ్చింది. ఫొటోలను కలిపి పెద్ద పనోరమాలు కుడుతున్నప్పుడు విండోస్ పేజ్ ఫైల్‌ను, అంటే ర్యామ్ చాలనప్పుడు దాని బదులు డిస్కులో వాడే చోటును, వాడటం మొదలుపెట్టింది. వేగం కోసం వేసుకున్నది వేగాన్నే తినేసింది. ఎల్1ని 2 జీబీకి తగ్గించాను. ఇప్పటికీ అంతే ఉంది.

అసలు మార్పు ఎల్2తో వచ్చింది. పాత కంప్యూటర్‌లో మిగిలిపోయిన సాటా ఎస్‌ఎస్‌డీ (ఎన్‌వీఎంఈ కంటే నెమ్మదైన రకం) ఒకటి ఉంటే, దాన్నంతా ఫొటోల డిస్కుకు ఎల్2గా ఇచ్చాను. ఎల్1 రీస్టార్ట్ చేస్తే ఖాళీ అవుతుంది. షట్‌డౌన్ ముందు ఉన్న డేటాను మళ్లీ నింపే ఆప్షన్ ఉంది కానీ, ఆ నింపడానికీ డిస్కునే చదవాలి. ఎల్2లో ఉన్నది మాత్రం రీస్టార్ట్ తర్వాత కూడా ఉంటుంది. నాకు కావలసింది సరిగ్గా ఇదే. కంప్యూటర్ ఆన్ చేయగానే, నిన్న పని చేసిన కేటలాగ్ ఎస్‌ఎస్‌డీలోంచి వస్తుంది.

అయితే ఓపిక కావాలి. మొదటి రోజు ఎల్2 ఖాళీగానే ఉంటుంది. మనం వాడేకొద్దీ నిండుతుంది. నాకు రెండు వారాల దాకా పెద్ద తేడా తెలియలేదు. మూడో వారంలో ఒక ఉదయం కేటలాగ్ తెరిస్తే థంబ్‌నెయిల్స్ అన్నీ ఒక్కసారిగా వచ్చేశాయి. కాసేపు అలా పైకీ కిందికీ స్క్రోల్ చేస్తూ కూర్చున్నాను. పాత డిస్కు మీద నాకు మళ్లీ ఇష్టం పుట్టిన రోజు అది.

క్యాష్ డేటాను ఎంతెంత ముక్కలుగా దాచాలో చెప్పే బ్లాక్ సైజు గురించి ఒక మాట. 4 కేబీ పెడితే చిన్న ముక్కలకు బాగా సరిపోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. కానీ ప్రతి బ్లాకు ఎక్కడుందో గుర్తుపెట్టుకునే పట్టిక ర్యామ్‌లో ఉండాలి. 128 జీబీ క్యాష్‌ను 4 కేబీ బ్లాకులుగా కోస్తే 3 కోట్ల 35 లక్షల బ్లాకులు అవుతాయి. 32 కేబీ పెడితే దాదాపు 42 లక్షలే. నేను 32 దగ్గర ఆగాను. థంబ్‌నెయిల్ ఫైళ్లకు అది చక్కగా సరిపోయింది.

హిట్ రేట్ (అడిగిన డేటాలో ఎంత భాగం క్యాష్‌లోనే దొరికిందో చెప్పే లెక్క) అంకెను చూసి సంబరపడొద్దు, దిగులూ పడొద్దు. వారానికోసారి నా బ్యాకప్ ప్రోగ్రామ్ డిస్కంతా చదువుతుంది. ఆ రాత్రి హిట్ రేట్ దబ్బున పడిపోతుంది. నా పనిలో ఏ తేడా ఉండదు, లెక్కే పాడవుతుంది. అందుకే బ్యాకప్‌కి ముందు క్యాష్‌ను పాజ్ చేస్తాను. అక్కర్లేని డేటా లోపలికి రాదు, ఎస్‌ఎస్‌డీ మీద రాత కూడా తగ్గుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది డిఫర్-రైట్. ఇది ఆన్ చేస్తే, మనం సేవ్ చేసిన డేటా వెంటనే డిస్కుకు వెళ్లదు. కాసేపు ర్యామ్‌లో ఆగి, తర్వాత ఒక్కసారిగా డిస్కుకు చేరుతుంది. సేవ్ బటన్ నొక్కగానే పని అయిపోయినట్టే ఉంటుంది. ప్రమాదం ఉందని ప్రోగ్రామ్ స్పష్టంగానే హెచ్చరిస్తుంది. చదివి కూడా ఆన్ చేసి, 60 సెకన్లు పెట్టాను. అయిదు నెలలు ఏమీ కాలేదు. ఒక సాయంత్రం టేబుల్ కింద కాలు తగిలి పవర్ కేబుల్ ఊడింది. మళ్లీ ఆన్ చేస్తే విండోస్ ఆ డిస్కును సరిచూడాలంది. సరిచూశాక ఫొటోలు ఉన్నాయి, కేటలాగ్ మాత్రం తెరుచుకోలేదు. ముందు రోజు బ్యాకప్ నుంచి తిరిగి పెట్టుకున్నాను. ఒక రోజంతా కూర్చుని ఇచ్చిన రేటింగులు, రాసుకున్న వివరాలు పోయాయి.

తప్పు నాదే. కానీ విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్‌కి జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉంటుంది కదా, అది కాపాడాలి కదా అని చాలా బాధపడ్డాను. తర్వాత అర్థమైంది. జర్నల్ పనిచేయాలంటే రాతలు వరస తప్పకుండా డిస్కుకు చేరాలి. కిందనున్న క్యాష్ 'రాసేశాను' అని చెబితే ఫైల్ సిస్టమ్ నమ్ముతుంది. ఆ జర్నల్ రాత కూడా ర్యామ్‌లోనే ఉండిపోయి కరెంటుతో పాటే పోయింది. ఇది కొత్త సమస్య కాదు. విండోస్‌కి ముందటి డాస్ రోజుల్లో స్మార్ట్‌డ్రైవ్ అనే క్యాష్ ప్రోగ్రామ్ కూడా ఇలాగే రాతలను ఆపి ఉంచేది. 1993లో వచ్చిన ఎంఎస్-డాస్ 6.2లో, ఆగిన రాతలన్నీ డిస్కుకు చేరాకే ప్రాంప్ట్ (తర్వాతి ఆదేశం టైప్ చేసే చోటు) కనిపించేలా మార్చారు. ఫొటోల డిస్కుకు ఆ రోజే డిఫర్-రైట్ తీసేశాను, మళ్లీ పెట్టలేదు. పోయినా పర్వాలేని తాత్కాలిక ఫైళ్ల డ్రైవ్‌కి మాత్రమే ఉంచాను.

ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉన్నవాళ్లు జాగ్రత్త. నా కంప్యూటర్‌లో లినక్స్ కూడా ఉంది. అక్కడి నుంచి ఇదే డిస్కులో ఏదైనా రాస్తే ఆ సంగతి ఎల్2కి తెలియదు. విండోస్‌లోకి వచ్చాక పాత బ్లాకునే అందించే ప్రమాదం ఉంది. అందుకని లినక్స్‌లో ఈ డిస్కును చదవడానికి మాత్రమే మౌంట్ చేస్తాను. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు కూడా ముందు పాజ్ చేసి, అయ్యాక తిరిగి ఆన్ చేస్తున్నాను. ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు.

ఎన్‌వీఎంఈ ఉన్న సిస్టమ్ డ్రైవ్‌కి కూడా కొన్నాళ్లు క్యాష్ పెట్టి చూశాను. నా కంటికి ఏ తేడా తెలియలేదు, తీసేశాను. మీ కంప్యూటర్‌లో హార్డ్ డిస్కే లేకపోతే దీనికి డబ్బు పెట్టొద్దు. పెద్ద హార్డ్ డిస్కు ఉండి, అవే ఫైళ్లను రోజూ తెరిచేవాళ్లు మాత్రం పాత ఎస్‌ఎస్‌డీని పారేయకండి.

నా ఎల్2 ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం ఈ రెండేళ్లలో 96 శాతం నుంచి 89కి వచ్చింది. డిఫర్-రైట్ లేదు కాబట్టి అది చచ్చిపోయినా ఫొటోలకు ఏమీ కాదు, అసలు కాపీ హార్డ్ డిస్క్‌లోనే ఉంటుంది. ఇప్పుడు ఆ 4 టీబీ నిండిపోవచ్చింది. వచ్చే నెల 8 టీబీ డిస్కుకు మారుతున్నాను. ఎల్2ని మళ్లీ ఖాళీ నుంచి మొదలుపెట్టాలి, ఇంకో మూడు వారాలు థంబ్‌నెయిల్స్ కోసం ఎదురుచూడాలి.