ఒకేసారి పదుల ఫైళ్లు తెరిచి పని చేసేవాళ్లకు నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్

విండోస్‌లో చాలా ఫైళ్లు ఒకేసారి తెరిచి పెట్టుకుని రాసేవాళ్లు ఎవరడిగినా నేను చెప్పేది నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ పేరే. డాన్ హో 2003లో విడుదల చేసిన ఈ ఉచిత టెక్స్ట్ ఎడిటర్ (రాత ఫైళ్లు తెరిచి దిద్దుకునే సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామర్లకే అనుకుంటారు చాలామంది. నేను ప్రోగ్రామర్‌ని కాను. నల్లగొండలో ఉంటూ మన పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల ఊళ్ల వివరాలు పోగుచేసి రాస్తుంటాను. ఊరికో ఫైలు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గురించి రాస్తున్నప్పుడు పక్కన పిల్లలమర్రి, అలంపురం ఫైళ్లు కూడా తెరిచి ఉండాల్సిందే. ఇందులో కావాల్సిన ముక్క అందులో ఉంటుంది.

ఇన్నేళ్లుగా దీన్ని వదలకపోవడానికి అసలు కారణం వెతుకులాట. ఫైండ్ పెట్టెలో పేరు టైప్ చేసి ‘ఫైండ్ ఆల్ ఇన్ ఆల్ ఓపెన్డ్ డాక్యుమెంట్స్’ నొక్కితే ఏ ఫైల్లో, ఏ లైన్లో ఉందో కింద జాబితా వస్తుంది. లైను మీద డబుల్ క్లిక్ చేస్తే నేరుగా అక్కడికే వెళ్తాం.

అయితే తెలుగులో ఒక చిక్కుంది. ‘మహబూబ్‌నగర్’ అని వెతికితే కొన్ని ఫైళ్లు జాబితాలోకే రావు. బ కింద న వత్తు పడకుండా ఆ రెంటి మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరం ఒకటి పెడతాం. కొందరు పెట్టరు, కొందరి టైపింగ్‌లో అది రెండుసార్లు పడుతుంది. రెండుసార్లు పడితే తేడా కంటికి అస్సలు ఆనదు, ఎడిటర్‌కు మాత్రం అది వేరే మాట. నాగర్‌కర్నూల్‌దీ ఇదే కథ. వ్యూ మెనూలో కనిపించని అక్షరాలను చూపించే ఆప్షన్ ఆన్ చేస్తే గుట్టు బయటపడుతుంది. తొందరలో ఉంటే నేను ‘మహబూబ్’ వరకే టైప్ చేసి వెతుకుతాను, అన్నీ దొరుకుతాయి.

తెరిచిన ఫైళ్లన్నిట్లో ఒకేసారి మాట మార్చే సౌకర్యం కూడా ఉంది. ‘నల్గొండ’ను అంతటా ‘నల్లగొండ’ చేయడానికి ఇంతకంటే సుఖం లేదు. కానీ ప్రతి మార్పూ ఇంత తేలిక కాదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక పిల్లలమర్రి ఊరు సూర్యాపేట జిల్లాలోకి వెళ్లింది. పాలమూరు పక్కన పెద్ద మర్రిచెట్టున్న పిల్లలమర్రి మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. ఒకటి కాకతీయుల కాలం గుళ్ల ఊరు, ఇంకోటి చెట్టు. జిల్లా పేరు అన్నిట్లో ఒకేసారి మారిస్తే ఒకదాని జిల్లా ఇంకోదానికి అంటుకుంటుంది. పైగా కంట్రోల్ జెడ్ అప్పుడు కంటి ముందున్న ఫైలుకే పనిచేస్తుంది, మిగతావాటిని ఒక్కొక్కటిగా తెరిచి వెనక్కి తిప్పుకోవాలి. అందుకే ముందు జాబితా తీసి చదివి, సంబంధం లేని ఫైళ్లు మూసి, ఆ తర్వాతే మార్చాలి.

రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికి ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి ‘అదర్ వ్యూ’లోకి పంపితే సరిపోతుంది. రెండూ కలిసి స్క్రోల్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ట్యాబులు ఎక్కువైతే పేర్లు చదవడం కష్టం, అప్పుడు పక్కన డాక్యుమెంట్ లిస్ట్ తెరిచి పేర్ల వరుసలో సర్దుకుంటే కళ్లకు హాయి. జిల్లాకో సెషన్ (అప్పుడు తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా) సేవ్ చేసుకుంటే ఆ ఫైళ్లన్నీ ఒక్క దెబ్బకు తెరుచుకుంటాయి.

కరెంటు పోతే టెన్షన్ లేదు. మామూలు సెట్టింగ్‌లో ఏడు సెకన్లకోసారి బ్యాకప్ తీసుకుంటుంది, పేరు పెట్టని ట్యాబులు కూడా తిరిగి వస్తాయి. దీన్ని నమ్ముకుని సేవ్ చేయడం మానేస్తే మాత్రం ఇబ్బందే. ఎడిటర్ మూసేటప్పుడు ఏమీ అడగదు, బ్యాకప్ విడిగా ఉంటుంది, అసలు ఫైలు పాతదిగానే ఉంటుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి ప్రెస్‌కు ఇస్తే పాత రాతే అచ్చవుతుంది. సేవ్ కాని ట్యాబ్ మీద ఎర్ర ఫ్లాపీ గుర్తు ఉంటుంది. కాపీ చేసే ముందు కంట్రోల్ షిఫ్ట్ ఎస్ నొక్కండి, తెరిచినవన్నీ సేవ్ అవుతాయి.