మానిటర్ మీద నిలిచిపోయే నీడలు: నాలుగేళ్ళ వాడకం తర్వాత

ఫొటోలో ఆకాశం మీద సన్నటి బూడిద గీతలు కనిపించాయి. లెన్స్ మీద దుమ్ము పడిందేమో అనుకుని వాటిని కంప్యూటర్‌లో తుడవడానికి కూర్చున్నాను. పావుగంట బ్రష్ తిప్పినా అవి పోలేదు. విసుగొచ్చి ఫొటోని కాస్త పక్కకి జరిపాను. మేఘం జరిగింది, గీతలు ఉన్నచోటే ఉన్నాయి. వంగి దగ్గరగా చూస్తే పగలంతా తెరిచి ఉంచిన ఎక్సెల్ షీటు గళ్ళు! ఎడమ అంచున వరుస నంబర్ల జాడ కూడా లీలగా తెలుస్తోంది.

27 అంగుళాల ఐపీఎస్ మానిటర్ ఇది, అంటే ఎల్‌సీడీల్లో ఒక రకం. పగలు తొమ్మిది పది గంటలు లెక్కల పని, రాత్రి కాసేపు ఫొటోలు. కొన్న ఎనిమిదో నెలలో ఈ నీడలు మొదలయ్యాయి. సమీక్షలు ఎక్కువగా కొన్న వారం పదిరోజుల్లో రాసేస్తారు. ఈ జబ్బేమో నెలలు గడిస్తేగానీ బయటపడదు. అందుకే నాలుగేళ్ళు వాడాక రాస్తున్నాను.

సర్వీస్ నుంచి వచ్చినతను ఒక్క చూపు చూసి, "బర్న్ అయిపోయింది సార్, ప్యానెల్ మార్చాల్సిందే" అన్నాడు. ప్యానెల్ అంటే బొమ్మ కనిపించే తెర భాగం, అది మార్చడమంటే దాదాపు కొత్త మానిటర్ కొన్నట్టే. ఆ రాత్రి టెన్షన్‌తో సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున్నే స్క్రీన్ ఆన్ చేస్తే నీడ లేదు. సాయంత్రానికి మళ్ళీ వచ్చింది. నిజంగా కాలిపోయిన మచ్చ ఇలా వచ్చిపోదు కదా అని అప్పుడు ఆలోచన మొదలైంది.

మీకూ ఇలా కనిపిస్తే మొదట ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడండి. నీడ ఆ స్క్రీన్‌షాట్‌లో కూడా ఉంటే తప్పు కంప్యూటర్‌ది, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌దో ఏదైనా సాఫ్ట్‌వేర్‌దో. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే తప్పు మానిటర్ వైపుది. ఇంకో రెండు తేడాలు కూడా తెలియాలి. కంప్యూటర్‌ని మానిటర్‌కి కలిపే పాత రకం వీజీఏ కేబుల్ పాడైతే ప్రతి అక్షరం పక్కనా దాని జంట మసగ్గా కనిపిస్తుంది, దానికి కేబుల్ మారిస్తే చాలు. కదిలే బొమ్మ వెనక తోకలాగా నీడ లాగుతుంటే అది రెస్పాన్స్ టైమ్ సంగతి, అంటే చుక్కలు రంగు మారడానికి పట్టే సమయం. దానికి మానిటర్ మెనూలో ఆ వేగాన్ని మార్చే ఓవర్‌డ్రైవ్ సర్దుకోవాలి. మనం మాట్లాడుకుంటున్నది కదలకుండా నిలిచిపోయే నీడ గురించి. దీన్నే ఇమేజ్ రిటెన్షన్ అంటారు.

దీన్ని పట్టుకోవడానికి తెల్ల తెర అంతగా పనికిరాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ (0 నుంచి 255 కొలతలో) 128 దగ్గర పెట్టి ఒక బూడిద రంగు బొమ్మ తయారుచేసుకుని ఫుల్ స్క్రీన్‌లో చూడండి. దాచుకున్న గళ్ళన్నీ దాని మీద తేలతాయి. నేను ప్రతి నెలా మొదటి తారీఖున చూసుకుంటాను.

ఎందుకొస్తుందో తెలిశాక నా భయం సగం తగ్గింది. ఎల్‌సీడీలో వెలుగు వెనకనున్న లైటుది. ముందున్న ద్రవ స్ఫటికాలు కరెంటుకి తిరుగుతూ ఆ వెలుగుని ఎంత వదలాలో అంత వదులుతాయి. ఎప్పుడూ ఒకే దిశలో వోల్టేజ్ ఇస్తే ఆ ద్రవంలో ఉండే కొద్దిపాటి అయాన్లు, అంటే చార్జి ఉన్న కణాలు, ఒక పక్కకి పోగవుతాయి. అది జరగకూడదనే ప్యానెల్ ప్రతి ఫ్రేమ్‌కీ ప్లస్ మైనస్‌లని తారుమారు చేస్తూ ఉంటుంది. ఆ సమతూకం కాస్త తప్పినా, ఒకే బొమ్మ గంటల తరబడి ఉన్నా అయాన్లు పేరుకుంటాయి. బొమ్మ మారాక కూడా ఆ మిగులు చార్జి స్ఫటికాలని కొంచెం వంచే ఉంచుతుంది. మనకి కనిపించే నీడ అదే. వదిలేస్తే అయాన్లు మెల్లగా చెదిరిపోతాయి, నీడ పోతుంది.

నీడ పోవడానికి రంగులు గబగబా మారే వీడియోలు పెట్టమని చాలామంది చెప్తారు. మూడు సాయంత్రాలు నేనే పరీక్షించాను. ఒకే షీటు, ఒకే బ్రైట్‌నెస్, ఎనిమిది గంటలు. మొదటి రోజు గంటసేపు మానిటర్ ఆపేశాను. రెండో రోజు గంటసేపు తెల్ల తెర, మూడో రోజు గంటసేపు ఆ వీడియో. తర్వాత బూడిద తెర మీద చూస్తే మూడింటికీ నా కంటికి తేడా దొరకలేదు. మరి ఊరికే ఆపేయడానికి ఏమైంది? పైగా అలా మిణుకు మిణుకుమనే వీడియోలు మూర్ఛ ఉన్నవాళ్ళకి ప్రమాదం, ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే అసలు పెట్టకండి.

నాకు నిజంగా పనికొచ్చినవి చిన్న మార్పులే. బ్రైట్‌నెస్ 90 నుంచి 40కి తగ్గించాను. వెనక లైటు వేడి తగ్గింది, నీడ పడటానికి పట్టే సమయం కూడా పెరిగింది. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే స్క్రీన్ ఆరిపోయేట్టు పెట్టాను. టాస్క్‌బార్‌ని దాచేశాను. షీటులో గళ్ళ గీతలు తీసేశాను, మొదట్లో చెయ్యి తడబడింది గానీ వారంలో అలవాటైంది.

రెండేళ్ళ క్రితం ఫొటోల కోసం ఒక ఓఎల్ఈడీ మానిటర్ కూడా తీసుకున్నాను. పైన చెప్పిన ఓదార్పు దానికి వర్తించదు. అందులో ప్రతి చుక్కా తన వెలుగు తానే ఇస్తుంది, ఇచ్చేకొద్దీ దాని పదార్థం అరుగుతుంది. అందులోనూ నీలం తొందరగా అరుగుతుంది. ఎక్కువ అరిగినచోట పడే మచ్చ శాశ్వతం, ఎంతసేపు ఆపేసినా పోదు. దాన్ని సర్దడానికి మానిటర్ తనలో తానే ఒక పని చేసుకుంటుంది. కొన్ని గంటల వాడకం తర్వాత స్టాండ్‌బైలో ఉన్నప్పుడు చుక్కల అరుగుదల కొలిచి సరిచేస్తుంది. ఇది తెలియక మొదటి రెండు నెలలు రోజూ రాత్రి గోడ దగ్గర స్విచ్ కట్టేశాను, అంటే ఆ పని ఒక్కసారీ జరగనివ్వలేదు. ఓఎల్ఈడీ ఉన్నవాళ్ళు దయచేసి బటన్‌తో ఆపి, ప్లగ్‌లో కరెంటు అలాగే ఉంచండి. మెనూలో ఉండే పెద్ద రిఫ్రెష్‌ని, అంటే ఇదే సవరణని ఎక్కువసేపు చేసేదాన్ని, మాత్రం ఊరికే పదేపదే నడపకండి, మానిటర్ అడిగినప్పుడు చాలు.

ఐపీఎస్ ప్యానెల్ ఇప్పటికీ మార్చలేదు. నీడ పూర్తిగా మానలేదు, షీటు నాలుగైదు గంటలు కదలకుండా ఉంటే ఇప్పటికీ పడుతుంది. భోజనానికి లేచి వచ్చేసరికి పోతుంది. లెక్కల పనికి మళ్ళీ కొనాల్సి వస్తే ఎల్‌సీడీనే కొంటాను. ఓఎల్ఈడీ మీద ఎక్సెల్ మాత్రం తెరవను.