ఓడిన జట్టు చేతిలోనూ డబ్బు పెట్టే ఆట: వాలరెంట్ కాంపిటీటివ్ మోడ్ సమీక్ష

పగలంతా ఉద్యోగం చేసి వచ్చి, రాత్రి మళ్లీ ఇంకొక చోట మార్కులు వేయించుకోవడానికి కూర్చుంటావేమిటని ఇంట్లో అడిగినప్పుడు నాకు వెంటనే జవాబు తోచలేదు. వాలరెంట్ అనే తుపాకుల వీడియో గేమ్ ఆడటం మొదలుపెట్టి మూడేళ్లయింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లు దాటింది. ఈ సమీక్ష ఆట మొత్తం మీద కాదు, అందులోని తుపాకుల చప్పుడు మీదా బొమ్మల అందం మీదా కాదు, కాంపిటీటివ్ అని పిలిచే ర్యాంకుల విభాగం మీద మాత్రమే. మనిషి పనితనాన్ని కొలిచే సాధనంగా అది ఎంత న్యాయంగా ఉందన్నదే నా ప్రశ్న. ఆఫీసులో నన్ను ఒకసారి కొలిచి చూపించకపోయి ఉంటే ఈ ప్రశ్న నాకు పుట్టేదే కాదు.

ఆడనివారి కోసం నాలుగు మాటలు. రయట్ గేమ్స్ సంస్థ 2020 జూన్ 2న విడుదల చేసిన ఈ ఆటలో ఐదుగురు ఒక వైపు, ఐదుగురు ఒక వైపు ఉంటారు. దాడి చేసే జట్టు స్పైక్ అనే బాంబును నిర్ణయించిన చోట అమర్చి 45 సెకన్లు కాపాడుకోవాలి. కాపలా జట్టు దాన్ని అమర్చకుండా ఆపాలి, లేదా అమర్చాక నిర్వీర్యం చేయాలి. సాధారణంగా ముందుగా 13 రౌండ్లు గెలిచినవారిదే ఆట. 12 రౌండ్లు పూర్తికాగానే రెండు జట్లూ వైపులు మార్చుకుంటాయి. కొన్ని మ్యాపుల్లో కాపలా తేలిక, కొన్నిటిలో దాడి తేలిక. ఎవరికి ఏది దక్కినా సగం ఆట తర్వాత రెండోది తప్పదు. తేలికైన క్లయింటు ఎప్పుడూ ఒకరికే, మొండి క్లయింటు ఎప్పుడూ ఇంకొకరికే పడే చోట పనిచేసినవారికి ఈ చిన్న నియమం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది వైపుల మార్పిడి కాదు, డబ్బు లెక్క. ప్రతి సగం మొదట్లో ఆటగాడి చేతిలో 800 క్రెడిట్లు ఉంటాయి, వాటితో చిన్న పిస్తోలు తప్ప పెద్దగా ఏమీ రాదు. రౌండు గెలిస్తే ఒక్కొక్కరికి 3000. ఓడితే 1900. వరుసగా రెండోసారి ఓడితే 2400, ఆపైన 2900. అందరూ కోరుకునే వాండల్ తుపాకీ ధర కూడా సరిగ్గా 2900 అని గమనిస్తే, ఈ లెక్క వేసినవారి ఆలోచన అర్థమవుతుంది: వరుసగా ఓడుతున్న జట్టుకు గెలుపు ఇవ్వరు, కానీ మళ్లీ పోటీలో నిలబడటానికి చాలినంత సరుకు ఇస్తారు. ఈ సాయం లేకపోతే మొదటి రెండు రౌండ్లు గెలిచిన జట్టు మంచి తుపాకులతో, ఓడిన జట్టు పిస్తోళ్లతో మిగిలి, తక్కిన రౌండ్లన్నీ గోరుచుట్టు మీద రోకటిపోటులా సాగుతాయి. ఆట పేరుకు జరుగుతుంది, పోటీ ఉండదు. ఇందులో సోమరితనానికి తావు లేకుండా కూడా చూశారు. దాడి జట్టులో ఉండి, స్పైక్ అమర్చకుండా, గడువు తీరేదాకా మూల దాక్కుని ప్రాణం, తుపాకీ మాత్రం కాపాడుకున్నవాడికి వచ్చేది 1000 మాత్రమే. పైగా చేతిలో మిగులు ఉన్నవాడు లేనివాడికి తుపాకీ కొనిపెట్టవచ్చు. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు, ఒక్క నొక్కు చాలు. ఈ అంకెలేవీ రహస్యం కాదు. మొదటి ఆట ఆడకముందే ఎవరైనా తెలుసుకోవచ్చు.

ఇక ర్యాంకుల సంగతి. ఇటువంటి అన్ని లెక్కలకూ పెద్దదిక్కు చదరంగం. భౌతికశాస్త్రం బోధించిన అర్పాద్ ఎలో రూపొందించిన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. నీకంటే బలమైనవాడిని ఓడిస్తే ఎక్కువ, బలహీనుడిని ఓడిస్తే తక్కువ. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే బలవంతుడికి నూటికి దాదాపు 76 పాయింట్లు రావాలని ఆ లెక్క ఆశిస్తుంది, వస్తే మెచ్చుకోదు, రాకపోతే కోసేస్తుంది. నీ పేరు, ఊరు, ఎవరితో టీ తాగావన్నది దానికి అక్కరలేదు. కానీ చదరంగంలో ఇటు ఒక్కరే, అటు ఒక్కరే. గెలుపు ఎవరిదన్న తగవు లేదు. ఐదుగురు కలిసి గెలిచినప్పుడు ఎవరి పాలు ఎంత అన్న దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఆఫీసులోనూ అంతే.

నేను ఎక్కువగా ఆడేది కంట్రోలర్ పాత్ర. అందులో ఓమెన్, బ్రిమ్‌స్టోన్ వంటి పాత్రధారుల పని పొగ వేయడం: శత్రువు చూపుకు అడ్డుగా సరైన చోట, సరైన క్షణంలో పొగ పడితే, ముందుండి తలపడే మన డ్యూయలిస్ట్ ధైర్యంగా లోపలికి దూకుతాడు, ఇద్దరిని పడగొడతాడు, రౌండు మనదవుతుంది. ఆట చివర వచ్చే పట్టికలో మాత్రం వరుస నిర్ణయించేది కాంబాట్ స్కోరు, అందులో సింహభాగం చేసిన గాయాలదీ కిల్స్‌దీ. సాయానికి దక్కేది కొద్దిపాటి గింజలే. శత్రువు ఆ దారినే రాకుండా చేసిన పొగకు, వచ్చి ఉంటే జరిగేదాన్ని ఆపిన పొగకు, అంకె ఎక్కడి నుంచి వస్తుంది? ఆటలో అందరికంటే మేటి అని ఇచ్చే ఎంవీపీ బిరుదు దూకినవాడికే. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఆ తెర మీద రాయాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఇంత చెప్పాక ఆటకు న్యాయంగా ఒక మాట చెప్పాలి: ర్యాంకు పాయింట్లు పెరగడానికీ తరగడానికీ ముఖ్యమైనది జట్టు గెలిచిందా లేదా అన్నదే. పట్టికలో అడుగున ఉన్నా, గెలిచిన జట్టులో ఉంటే నా పాయింట్లు పెరుగుతాయి. అంటే ఈ యంత్రం పొగడ్తలో పక్షపాతం చూపుతుంది గానీ జీతంలో మరీ అంత చూపదు.

నేను పనిచేసే చోట ఇది తిరగబడింది. మొదటి ఏడాది కొత్తగా చేరినవారికి పని నేర్పడం, ఎవరూ ముట్టుకోని పాత పత్రాలను సరిచేయడం, అర్ధరాత్రి ఏదైనా ఆగిపోతే లేచి చూడటం నా వంతుకు వచ్చాయి. పొగడ్తలకు కొదువ లేదు. మీటింగుల్లో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించేవారు. అప్రైజల్ రోజున మేనేజర్ గారు నన్ను కూర్చోబెట్టి, పని బాగుందనీ, అయితే జట్టులో మొదటి శ్రేణికి ఇద్దరినే చూపించాలని పైనుంచి చెప్పారనీ, ఆ రెండు చోట్లూ నిండిపోయాయనీ నెమ్మదిగా చెప్పారు. ఆయన మీద కోపం రాలేదు. ఆట ముగిశాక నియమాలు చెప్పినందుకు వచ్చింది. ఇద్దరే అన్న సంగతి ముందే తెలిసి ఉంటే, కొత్తవారికి నేర్పుతూ గడిపిన సాయంత్రాల్లో కొన్నింటిని పైవారి కంటపడే పనికి వాడుకునేదాన్ని.

ఇలా ముందే గీత గీసి మనుషులను విడదీయడం నా ఆఫీసు కనిపెట్టిన విద్య కాదు. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతిగా ఉన్న కాలంలో జాక్ వెల్చ్ పైన నూటికి 20 మంది, మధ్యన 70, అడుగున 10 అన్న విభజనకు పెద్ద పేరు తెచ్చారు. అడుగు పదిమందిని బయటికి పంపేవారు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతినే కొన్నేళ్లు నడిపి 2013 నవంబరులో వదిలేసింది. వాలరెంట్‌లో ఇలాంటి కోటా కనిపించేది కొండకొమ్మున మాత్రమే: అన్నిటికంటే పైదైన రేడియంట్ ర్యాంకు ఒక్కో ప్రాంతంలో 500 మందికే. దాని కింద ఉన్న ఐరన్, బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, 2022లో కొత్తగా చేర్చిన అసెండెంట్, ఇమ్మోర్టల్‌లలో ఇంతమందే ఉండాలని తలలు లెక్కపెట్టే తలుపు ఏదీ లేదు. పక్కవాడు గోల్డ్‌కు ఎక్కినందుకు నన్ను సిల్వర్‌కు దించరు.

అయినా దీన్ని నిష్కళంకమనలేను. పైకి కనిపించే ర్యాంకు వెనుక ఎంఎంఆర్ అనే ఇంకొక అంకె దాగి ఉంటుంది. ఎవరితో ఎవరిని జతచేయాలో, గెలిస్తే ఎన్ని పాయింట్లు ఇవ్వాలో, ఓడితే ఎన్ని కోయాలో ఆ అంకె ప్రభావంతోనే తేలుతుంది. అది ఉందని సంస్థ దాచలేదు, విలువ మాత్రం చూపదు. ఒకే రాత్రి ఒకే ర్యాంకులో ఉన్న ఇద్దరు స్నేహితులు ఒకే ఆట గెలిచి, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ పాయింట్లు వస్తే కారణం ఊహించుకోవాల్సిందే. ఆ క్షణంలో తెర మీద నాకు కనిపించేది మేనేజర్ గారి నెమ్మదైన ముఖమే.

చిన్న నియమాల్లో నాకు బాగా నచ్చినది ఒకటుంది. కాంపిటీటివ్‌లో ఒంటరిగా చేరవచ్చు, ఇద్దరుగా, ముగ్గురుగా, ఐదుగురుగా చేరవచ్చు; నలుగురుగా మాత్రం చేరనివ్వరు. ఎందుకంటే ఆ నలుగురికి ఐదోవాడిగా తగులుకునే అపరిచితుడి గతి ఏమవుతుందో ఎవరో ముందే ఆలోచించారు. నలుగురు పాత స్నేహితులున్న జట్టులోకి కొత్తగా వచ్చి కూర్చున్న అనుభవం ఉన్నవారికి ఇది మనసుకు తగులుతుంది. ఏ ఆఫీసులోనూ ఇలాంటి నియమం నేను వినలేదు.

కాగితం మీద ఇంత ఆలోచించిన ఆట, నోరు తెరిచేసరికి మారిపోతుంది. వాయిస్ చాట్‌లో నా గొంతు వినిపించగానే కొందరు ఆట మానేసి నా గురించి మాట్లాడతారు. ఒక రౌండు ఓడితే తప్పు నా పొగది, గెలిస్తే ఎవరో నన్ను మోస్తున్నారు. మ్యూట్ చేయవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, చేశాను కూడా. కానీ సమాచారమే సగం బలమైన ఆటలో మైకు మూసుకుని ఆడేవాడు చేయి కట్టేసుకుని ఆడినట్టే. ర్యాంకుల లెక్కకు ఈ నష్టం కనిపించదు. మహిళలకూ, అణచివేతకు గురయ్యే ఇతర జెండర్ల వారికీ 2021 నుంచి గేమ్ ఛేంజర్స్ పేరుతో వేరే పోటీలు నడుపుతున్నారు. మంచిదే, కానీ అవి పైమెట్టున ఉన్నవారికి, రాత్రి పదకొండుకు నేను ఆడే సిల్వర్ ఆటకు కాదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆటలో న్యాయం కోసం ఇన్ని లెక్కలు వేసిన రయట్ గేమ్స్ మీదే, లింగ వివక్ష ఆరోపిస్తూ 2018లో ఉద్యోగినులు దావా వేశారు. అటువంటి వివాదాలను కోర్టుకు కాక మధ్యవర్తి దగ్గరికే తీసుకెళ్లాలన్న నిబంధనకు నిరసనగా 2019 మేలో 150 మందికి పైగా ఉద్యోగులు పని ఆపి బయటికి నడిచారు. మొదట అనుకున్న కోటి డాలర్ల ఒప్పందం చాలదని కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ అడ్డుచెప్పగా, చివరికి 2021 డిసెంబరులో 10 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2024 జనవరిలో 530 మందిని, అంటే సిబ్బందిలో నూటికి 11 మందిని తీసేశారు. వరుసగా ఓడిన జట్టుకు 2900 చేతిలో పెట్టాలని తెలిసినవారి ఇంట్లోనే ఇలా జరిగిందని చదివి నేను కొన్నాళ్లు ఆట తెరవలేదు. మళ్లీ తెరిచాను, ఆ సంగతి దాచను.

మిగతావి క్లుప్తంగా. మోసగాళ్లను పట్టుకునే వ్యాన్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ ఆన్ చేసింది మొదలు లోతుగా కూర్చుని కాపలా కాస్తుంది. పనివేళల్లో ఉద్యోగి తెరను ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్‌ను తిట్టే నేను దీన్ని ఒప్పుకున్నానంటే, గెలుపు ఎంత తీపో మీరే ఊహించండి. తుపాకీ రంగులకు డబ్బు పెట్టినా బలం పెరగదు, అది నిజం. కానీ సర్వరు సెకనుకు 128 సార్లు లెక్క సరిచూసినా, పాత మానిటరూ బలహీనమైన ఇంటర్నెట్టూ ఉన్నవాడు శత్రువును ఆలస్యంగానే చూస్తాడు. ఆ తేడాకు ర్యాంకులో రాయితీ లేదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. కోసిన ఒకటిన్నరలో ఒకటి మైకుకు, అర దాచిన అంకెకు. ఆ అంకెను బయటపెట్టి, పొగలూ కాపలాలూ చేసే పని కనిపించే పట్టిక పెడితే ఆ అరను తిరిగి ఇచ్చేస్తాను. ఉద్యోగం చేస్తూ ఆడాలనుకునేవారు ఖాతా 20వ స్థాయికి చేరేదాకా కాంపిటీటివ్ తెరుచుకోదని గుర్తుంచుకుని, ఆ లోపు కంట్రోలర్ నేర్చుకోండి. ఆ పాత్రకు ఎప్పుడూ మనుషులు తక్కువే. నేను మాత్రం వరుసగా రెండు ఆటలు ఓడితే ఆపేస్తాను. మూడోదానికి కూర్చున్న ప్రతిసారీ మరుసటి ఉదయం మీటింగులో నా ముఖమే స్కోరు చెప్పేసింది.