గిల్టు గాజులు రాయించిన యాప్, గోల్డ్ విడమరిచి చెప్పిన డిక్షనరీ

మాది బందరు. సాయంత్రాలు ఇంట్లోనే పదిమంది పిల్లలకు ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తాను. పోయిన నెల తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె వాళ్ల నాయనమ్మ మీద వ్యాసం రాసుకొచ్చింది. చక్కగా రాసింది, స్పెల్లింగులు కూడా బాగున్నాయి, కానీ మధ్యలో ఒకచోట నాయనమ్మ చేతులకు ఎప్పుడూ 'గిల్ట్ బ్యాంగిల్స్' ఉంటాయని ఉంది. అవి ఆవిడ పెళ్లినాటి గాజులు, 22 క్యారెట్లవి, అరిగి సన్నబడినా తీయనివ్వదు అని ఆ పిల్లే నాకు అంతకుముందు చెప్పింది. ఇదేంటమ్మా అని అడిగితే, "గోల్డ్ అని అప్పటికే మూడుసార్లు రాశాను టీచర్, మళ్లీ అదే ఎందుకని యాప్‌లో ఇంకో మాట వెతికాను" అంది.

రోల్డ్‌గోల్డ్ నగలకు పేరుపడ్డ చిలకలపూడి మాకు పక్కనే. గిల్టు నగ అంటే ఏంటో ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయినా పుస్తకంలో మాటగా, ఇంగ్లీష్ అక్షరాల్లో కనబడేసరికి అది మన గిల్టే అని పాపం తనకి తట్టలేదు.

ఆ యాప్ నేనూ తెరిచి చూశాను. ఉచితంగా దొరికే పర్యాయపదాల యాప్, పేరు చెప్పను. గోల్డ్ కింద వరసగా ఆరమ్, బులియన్, గిల్ట్, ట్రెజర్, మనీ, వెల్త్ అని ఉన్నాయి, అంతే. ఏది ఎక్కడ వాడాలో ఒక్క ముక్క లేదు, ఒక్క ఉదాహరణ లేదు. ఆరమ్ అనేది లాటిన్ మాట, కెమిస్ట్రీలో బంగారానికి ఏయూ అనే గుర్తు దాని నుంచే వచ్చింది, మామూలు ఇంగ్లీషులో ఎవరూ ఆరమ్ చెయిన్ అనరు. బులియన్ అంటే కడ్డీలుగానో బిస్కెట్లుగానో ఉన్న బంగారం, వెండి. గిల్ట్ పైపూత. వీటిని ఒకే గాటన కట్టి పిల్లల చేతిలో పెడితే వాళ్లు ఇలాగే రాస్తారు, తప్పు వాళ్లది కాదు. మనకు పసిడి, పుత్తడి, కనకం, హేమం అని బోలెడు మాటలు ఉన్నాయి కాబట్టి ఇంగ్లీషులోనూ అలాగే ఉంటాయనుకుంటారు. ఆ మాటకొస్తే మనం మాత్రం షాపుకెళ్లి 'కనకం గ్రాము ఎంతండీ' అని అడుగుతామా?

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ గురించి. జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తయారుచేసిన పుస్తకం ఇది. 1942లో ముందు అక్కడే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు. ఇంగ్లీష్ ఇంట్లో మాట్లాడని వాళ్ల కోసం రాసింది కాబట్టి, మన పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే తెలిసినట్టు ఉంటుంది. అర్థాలు సుమారు 3000 తేలిక మాటలతోనే చెప్తారు. గోల్డ్ తీస్తే లోహం, నగలు లేదా డబ్బు, రంగు, ఆటల్లో పతకం, ఇలా ఏ అర్థానికి ఆ అర్థం విడిగా, వాడుక వాక్యాలతో ఉంటుంది. గోల్డెన్‌ది వేరే పేజీ. నా దృష్టిలో అసలు విలువ అక్కడే ఉంది, ఎందుకంటే తెలుగులో బంగారు గొలుసు అన్నా బంగారు అవకాశం అన్నా ఒకటే 'బంగారు', ఇంగ్లీషులో మాత్రం గొలుసుకి గోల్డ్, అవకాశానికి గోల్డెన్. పతకం గోల్డ్ మెడల్, యాభయ్యేళ్ల పండగ గోల్డెన్ జూబ్లీ. ఈ తేడా నేను ఎన్నిసార్లు నోటితో చెప్పినా ఎక్కలేదు, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఉదాహరణలు చదివిస్తే ఒక్క సాయంత్రంలో ఎక్కింది.

జాతీయాలూ బాగా ఇచ్చారు. మనం బంగారంలాంటి పిల్లాడు అంటే మంచివాడని, గుణవంతుడని. 'యాజ్ గుడ్ యాజ్ గోల్డ్' అంటే అల్లరి చేయకుండా బుద్ధిగా కూర్చున్నాడని. 'లైక్ గోల్డ్ డస్ట్' అంటే దొరకడమే గగనం అని, పండగ రోజుల్లో రైలు టికెట్లలాగా. పిల్లలు బాగా నవ్వుకున్నది మాత్రం మన 'బంగారూ' దగ్గర. దాన్ని మై గోల్డ్ అని మారిస్తే కుదరదు, ఇంగ్లీషు వాళ్లు అక్కడ హనీ అనో డార్లింగ్ అనో అంటారు.

గిల్ట్‌కి ఇంకో వైపు కూడా ఉంది. మన దగ్గర గిల్టు అంటే నకిలీ, ఇంగ్లీషులో గిల్ట్-ఎడ్జ్‌డ్ అంటే గట్టి నమ్మకమైనది. బ్రిటన్ ప్రభుత్వ బాండ్లనే గిల్ట్స్ అంటారు, ఇక్కడ మ్యూచువల్ ఫండ్స్‌లో గిల్ట్ ఫండ్ అంటే ప్రభుత్వ బాండ్లలో పెట్టేది. ఆ పేరు విని భయపడ్డ పెద్దవాళ్లని నేను చూశాను.

ఇబ్బందులూ ఉన్నాయి. అచ్చు పుస్తకం బాగా బరువు, అక్షరాలు చిన్నవి, తెలుగు అర్థాలు ఉండవు, కాబట్టి ఆరో తరగతి లోపు పిల్లలకు పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. పాత పుస్తకాల షాపులో దొరికిన కాపీ అయినా పనికొస్తుంది, గోల్డ్ అర్థం మారిపోదు కదా. వెబ్‌సైట్‌లో అయితే ఉచితం, బ్రిటిష్ ఉచ్చారణ, అమెరికన్ ఉచ్చారణ రెండూ నొక్కి వినొచ్చు.

ఆ అమ్మాయి వ్యాసం తిరగరాసింది. ఈసారి కొత్త పర్యాయపదం కోసం వెతకలేదు. మొదటిసారి 'గోల్డ్ బ్యాంగిల్స్' అని రాసి, తర్వాత వచ్చిన చోటల్లా ఉత్త 'బ్యాంగిల్స్' అని వదిలేసింది.