దాణా సైలో మీద యాంటెన్నా: కోఠి కుర్రాళ్ల పనితనం

శామీర్‌పేట దగ్గరి మా కోళ్లఫారంలో దాణా సైలో (దాణా నిల్వచేసే ఎత్తైన రేకు డబ్బా) మీద వైర్‌లెస్ యాంటెన్నా బిగించడానికి కోఠి గుజరాతీ గల్లీలోని ఒక షాపువాళ్లను పిలిచాం. పని చాలా నచ్చింది. అంతకుముందు చూసి వెళ్లినాయన సైలో కప్పుకే డ్రిల్ కొడతానన్నాడు. ఆ రేకు పలచన. చిల్లు పడితే వాననీళ్లు దిగి దాణా బూజు పడుతుంది, కోళ్లకు జబ్బులొస్తాయి. వీళ్లు రేకును ముట్టుకోనేలేదు. నిచ్చెన పట్టిన ఇనుప యాంగిల్‌కే జీఐ (జింకు పూత ఇనుప) పైపును రెండు చోట్ల, బాగా ఎడం ఇచ్చి, యూ క్లాంపులతో బిగించారు. ఒక్కచోటే బిగిస్తే ఈదురుగాలికి పైపు తిరిగిపోతుంది. మా యాంటెన్నా 5 గిగాహెర్ట్జ్ డిష్, కాస్త పక్కకు జరిగినా ఎదుటి యాంటెన్నాతో లింక్ పడిపోతుంది మరి. ప్రతి బోల్టుకూ స్ప్రింగ్ వాషర్, మీద రెండో నట్టు. కేబుల్ వచ్చి కనెక్షన్ పెట్టెలోకి వెళ్లేచోట కిందికి చిన్న వంపు వదిలారు, వాననీళ్లు అక్కడే కారిపోతాయి. పైకెక్కిన కుర్రాడు బెల్టు హుక్కు తగిలించాకే నిచ్చెన మీంచి చేయి తీశాడు. నా టెన్షన్ సగం అక్కడే పోయింది.

ఎర్తింగ్‌కు విడిగా డబ్బులడిగారు, అది ముందే చెప్పాల్సింది. అయినా అంత ఎత్తులో పిడుగు భయం ఉంటుంది, ఆ పని మాత్రం వదలకుండా చేయించుకోండి. కేబుల్ కూడా ఎండకు తట్టుకునే ఔట్‌డోర్ రకమే అడగండి.