జాగ్రత్త: ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ప్యాకేజీ కొనేముందు ఈ వైజాగ్ వాడి గోడు వినండి

మొన్న ఏప్రిల్‌లో ఒక ఆన్‌లైన్ థెరపీ యాప్‌కి 9,600 రూపాయలు కట్టాను. ఎనిమిది సెషన్ల ప్యాకేజీ. అందులో నాకు దక్కినవి మూడు. ఆ మూడింటికీ ముగ్గురు వేర్వేరు మనుషులు వచ్చారు, ముగ్గురికీ మా నాన్న పోయిన సంగతి మొదట్నుంచి చెప్పుకొచ్చాను. మిగిలిన అయిదూ గడువు దాటిపోయాయన్నారు. పైగా నేను అడగని నెలవారీ ప్లాన్ ఏదో ఉందని ఖాతాలోంచి ఇంకో 1,499 లాగేశారు. యాప్ పేరు రాయడం లేదు. రాస్తే మీరు ఆ ఒక్కదాన్నీ తప్పించుకుని, ఇదే పద్ధతి నడిపే ఇంకోదాంట్లో పడతారు.

నేను పోర్టు దగ్గర కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఒక్క అంకె తేడా ఉన్నా కాగితం వెనక్కి పంపేసే రకం. అలాంటివాణ్ణి, పదివేలకి నాలుగొందలు తక్కువ కట్టేటప్పుడు, నాతో మాట్లాడబోయే మనిషి పేరేమిటో, ఏం చదివాడో చూసుకోలేదు. నెలల తరబడి నిద్ర లేకపోతే బుర్ర అలాగే పనిచేస్తుంది కాబోలు.

సంక్రాంతి వెళ్ళిన వారానికి నాన్న పోయారు. ఆస్పత్రి నుంచి ఫోను తెల్లవారుజామున రెండున్నరకి వచ్చింది. అప్పట్నుంచి రోజూ ఆ వేళకే మెలకువ, గుండెదడ. పగలు ఆఫీసులో ఫోను మోగినా చేతులు చల్లబడిపోయేవి. మా ఆవిడ ఎవరికైనా చూపించుకోమని పోరుపెట్టింది. చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల గాజువాక నుంచి బండి మీద ముప్పావుగంట. కానీ చిన్నప్పట్నుంచీ ఆ పేరుని ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోవడానికే వాడాం. హైదరాబాద్ వాళ్ళకి ఎర్రగడ్డ ఎలాగో మనకి అది అలాగ. ఆ గేటు దగ్గర తెలిసినవాళ్ళు ఎవరైనా కనపడితే? ఫోన్‌లో అయితే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. ఈ యాప్‌లు అమ్ముకునేది సగం ఆ సిగ్గునే.

ఒక రాత్రి మూడు యాప్‌లు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకదాంట్లో సెషన్‌కి 1,800. రెండోదాంట్లో 1,500, కానీ మనిషి ఫొటో, చదువు, రిజిస్ట్రేషన్ నంబరు అన్నీ ముందే కనపడ్డాయి. మూడోది 1,200, ‘మీకు తగిన నిపుణుణ్ణి మేమే కుదురుస్తాం’ అంది. పెళ్ళిసంబంధానికైనా ముందు ఫొటో చూపిస్తారు. ఇక్కడ డబ్బు కట్టాకే ఫొటో. నేను మూడోదే ఎంచుకున్నాను. తక్కువ ధర ఒకటి, భాషల దగ్గర ‘తెలుగు’ అని టిక్కు ఒకటి, పైన ఎర్రంకెల్లో ‘ఈ ధర ఇంకా 14 నిమిషాలే’ అని పరిగెడుతున్న గడియారం ఇంకొకటి. కట్టేశాక అనుమానం వచ్చి మా ఆవిడ ఫోన్‌లో అదే పేజీ తెరిచాను. అక్కడా 14 నిమిషాల నుంచే మొదలైంది. మర్నాడు పొద్దున్న తెరిచినా అంతే. ఇలాంటి మాయలకి ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరుపెట్టి, పదమూడు రకాలుగా విడగొట్టి, కేంద్ర వినియోగదారుల అథారిటీ 2023 నవంబరులోనే మార్గదర్శకాలిచ్చింది. అబద్ధపు తొందర, సభ్యత్వపు వల రెండూ అందులో ఉన్నాయి. అవి నేను చదివింది జూన్‌లో.

మొదటి సెషన్ ఆదివారం సాయంత్రం అయిదింటికి. ఇంట్లో హాల్లో అమ్మ సీరియల్, గదిలో పిల్లాడి చదువు. మేడ మీదకెళ్ళి నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాను. కింద ఫ్లాటు పిన్నిగారు ఎండబెట్టిన గుమ్మడి వడియాలు ఎత్తుకుంటూ, ‘ఏటి బాబూ, ఆదివారం కూడా ఆఫీసేనా’ అన్నారు. అవునన్నాను. ఫోన్‌లో వచ్చినావిడకి తెలుగు రాదు. పాపం మర్యాదస్తురాలే. నాకు వచ్చిన ఇంగ్లీషులో, ఇంత హిందీ కలిపి చెప్పుకొచ్చాను. ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాస్తాను గానీ, ఇంగ్లీషులో ఏడవడం నాకు రాదని అప్పుడే తెలిసింది. నాన్న మీద బెంగ అని ఎలా చెప్పను? ‘మిస్సింగ్’ అంటే బస్సు తప్పిపోయినట్టుంది. ‘శాడ్’ అంటే చాలదు. అమ్మమ్మ ఊరెళ్ళిపోయిందని చంటిపిల్ల జ్వరం తెచ్చుకుంటుందే, ఆ బెంగ. నలభై ఏళ్ళవాడికి వస్తే దాన్నేమంటారు? ఆవిడ ‘యాంగ్జైటీ’ అని రాసుకున్నారు. ఇరవై ఎనిమిది నిమిషాలకి ఫోను దానంతటదే తెగిపోయింది. ప్రకటనలో 50 నిమిషాలని ఉంటే ఇదేమిటని చాట్‌లో అడిగితే, ముందు నింపించిన ప్రశ్నల పట్టిక, తర్వాత పంపే సారాంశం కూడా ఆ యాభైలోకే వస్తాయట.

తెలుగు వచ్చినవాళ్ళు కావాలని అడిగితే రెండో మనిషిని పంపారు. ‘మీరు బాగున్నారా’ అన్నంతవరకే ఆవిడ తెలుగు. మూడో అతను మాత్రం మనవాడే, యాస విని ప్రాణం లేచొచ్చింది. పది నిమిషాల్లోనే ఏదో కాగితం చూసి చదువుతున్నాడని అర్థమైంది. నేను నాన్న ఆఖరి రోజు గురించి చెబుతుంటే మధ్యలో ఆపి, ‘సర్, మీరు రోజూ అద్దంలో చూసుకుని నవ్వాలి’ అన్నాడు. ఏం చదువుకున్నారు బాబూ అనడిగితే ‘సర్టిఫైడ్ మైండ్ కోచ్ సర్’ అన్నాడు. ఎక్కడ, ఎన్నాళ్ళ కోర్సు అంటే సిగ్నల్ పోయింది. కుర్రాడి మీద కోపం లేదు, అతని ఉద్యోగం అది. నన్ను అతనికి అప్పగించిన వాళ్ళ మీదే.

అందుకని మీరు యాప్‌కి ఎన్ని నక్షత్రాలున్నాయో చూడకండి, మాట్లాడబోయే మనిషిని చూడండి. మన దేశంలో ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని చెప్పుకోవాలంటే సైకాలజీలో పీజీ తర్వాత ఎం.ఫిల్. లాంటి గుర్తింపు ఉన్న కోర్సు చేసి, ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టికలో నమోదై ఉండాలి. వాళ్ళకి సీఆర్ఆర్ నంబరు అని ఒకటి ఉంటుంది. అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ళు అసలైనవాళ్ళు కారు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయాల్సింది ఆయనే. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఆన్‌లైన్‌లో చూసే డాక్టరు ఇచ్చే చీటీ మీద, రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి. ఇక ‘కౌన్సెలర్’, ‘కోచ్’, ‘హీలర్’ అన్న మాటలు ఎవరు పడితే వాళ్ళు తగిలించుకుంటున్నారు. సైకాలజీలో ఎం.ఏ. చేసి, పెద్దల దగ్గర శిక్షణ పొంది, ఆర్‌సీఐ పట్టికలో లేకపోయినా చక్కగా పనిచేసే కౌన్సెలర్లు ఉన్నారు. నంబరు లేనివాళ్ళందరూ దొంగలని నేననడం లేదు. ఎక్కడ చదివారు, ఏ సమస్యలు చూస్తారు, ఎవరి పర్యవేక్షణలో చేస్తున్నారు అంటే సూటిగా జవాబు రావాలి, అంతే. మా సరుకుకే ఇన్ని కాగితాలు అడుగుతామే!

ప్యాకేజీ మాత్రం కొనకండి. ముందు ఒక్క సెషన్ కొనుక్కోండి. అదే మనిషి రెండోసారీ దొరుకుతారా, మనకి కుదరకపోతే మిగతా డబ్బు ఖాతాలోకే వస్తుందా, లేక వాళ్ళ ‘వాలెట్’లోకి పోతుందా, ఇవి రాతపూర్వకంగా అడగండి. నా ఎనిమిది సెషన్లకీ 45 రోజుల గడువట, నిబంధనల్లో ఎక్కడో అడుగున ఉంది. తెలుగు మనిషి ఖాళీ చూస్తే ఎప్పుడూ పనిరోజుల్లో పదకొండుకీ నాలుక్కీ మధ్యనే. రెండుసార్లు వాళ్ళే ఆఖరి నిమిషంలో రద్దు చేశారు, గడువు మాత్రం ఆగలేదు.

ఇప్పుడు అసలు భయపడ్డ రాత్రి గురించి. మే నెలలో ఒకనాడు రెండున్నరకి లేచాక దడ తగ్గలేదు, ఊపిరి అందడం లేదు, బతికి ఎందుకులే అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. ‘24 గంటలూ మీ వెంటే’ అని యాప్ మొదటి పేజీలో ఉంది కదా. చాట్ తెరిచి తెలుగులోనే టైపు చేశాను. ‘మీ సందేశానికి ధన్యవాదాలు. మా నిపుణులు 24 గంటల్లో స్పందిస్తారు’ అని వచ్చింది, పక్కన ఒక పువ్వు బొమ్మ. వాళ్ళు చెప్పిన 24 గంటలు అవన్నమాట.

మా ఆవిడ లేచి 14416కి ఫోను కలిపింది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్ అది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, ఇరవై భాషల్లో మాట్లాడొచ్చు, 1800 891 4416కి చేసినా అదే. తెలుగు ఎంచుకుంటే ఒకావిడ ఎత్తి ‘చెప్పండి నాన్నా, పక్కన ఎవరైనా ఉన్నారా’ అన్నారు. మా ఆవిడ ఉందని చెప్పాను. బెంగగా ఉందన్నాను. ‘ఎవరి మీద?’ అనడిగారు. అంతే, నాకు ఏడుపొచ్చేసింది. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. అది వారం వారం జరిగే థెరపీకి బదులు కాదు, ఆ మాట ఆవిడే చెప్పారు. కానీ ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. ప్రాణం మీదికొచ్చేలా ఉంటే దాని కోసం కూడా ఆగక దగ్గర్లోని ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఇంక డబ్బు సంగతి. యాప్ తీసేస్తే ఆటోపే, అంటే నెలనెలా ఖాతాలోంచి దానంతటదే డబ్బు లాగే ఏర్పాటు, ఆగదు. నేనూ ఆగుతుందనే అనుకున్నాను. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు లాగడానికి కనీసం 24 గంటల ముందు మనకి కబురు రావాలి. వచ్చింది కూడా, లోన్ల ప్రకటనల మధ్య పడి ఉంది. 15,000 లోపు అయితే ప్రతిసారీ ఓటీపీ అడగరు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగానికెళ్ళి మీరే రద్దు చేసుకోవచ్చు, కంపెనీ ఒప్పుకోనక్కర్లేదు. వాళ్ళ కస్టమర్ కేర్‌తో వారంరోజులు ‘మీ క్రెడిట్స్ ఎక్స్‌పైర్ అయ్యాయి సర్’ అన్న పాట విన్నాక 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. వాళ్ళు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపి జవాబు రప్పిస్తారు. పదకొండో రోజున 1,499 వెనక్కి వచ్చింది. మిగిలిన అయిదు సెషన్ల 6,000 మాత్రం ‘పాలసీ’ అన్నారు. దానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే ఊళ్ళోనే వేయొచ్చు, అయిదు లక్షల లోపు దావాకి రుసుము లేదు. రశీదులు, చాట్‌లు, ఆ ఎర్ర గడియారం స్క్రీన్‌షాట్లు అన్నీ తేదీల వారీగా పెట్టుకున్నాను. ఇది మాత్రం నాకు చేతనైన పని.

ఇంకొక్క మాట. చేరేటప్పుడు నింపించుకునే ప్రశ్నల పట్టిక ఉంటుంది చూశారూ, నిద్ర ఎలా ఉంది, మందు తాగుతారా, చనిపోవాలనిపించిందా అని. అవి డబ్బు కట్టకముందే అడుగుతారు. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద సంస్థ, బయటపెట్టం అని మాటిచ్చి తీసుకున్న అలాంటి వివరాలని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో పట్టుకుని 78 లక్షల డాలర్లు కట్టించింది. మనవాళ్ళు అలా చేస్తున్నారని నేననను, నా దగ్గర రుజువు లేదు. నేను మాత్రం ఇప్పుడు ఎక్కడైనా సరే, మనిషి పేరు తెలిసేదాకా ఫోన్ నంబరు దాటి ఏమీ నింపను.

జూలై నుంచి ఎంవీపీ కాలనీలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను. ఆవిడ ఆర్‌సీఐ నంబరు గోడ మీదే రాసి ఉంది, ఫీజు 1,500, వెళ్ళినప్పుడే ఇస్తాను. వానొస్తే ఆవిడే వీడియోలో చూస్తారు. ఆన్‌లైన్ అంటే నాకు పగ లేదు.

మొన్న మెట్ల దగ్గర పిన్నిగారు ఆపారు. ‘ఏటనుకోకు బాబూ, ఆ రోజు మేడమీద మీ నాన్నగారి గురించి నువ్వు మాటాడతా ఉంటే ఇనపడింది. అర్ధరాత్రి కూడా ఎత్తుతారన్న నంబరేదో మీ ఆవిడ చెప్పింది. మా సిన్నోడికి కావాలి, రాసియ్యి’ అన్నారు. చేతిలో ఉన్న కరెంటు బిల్లు వెనకాల 14416 అని రాసిచ్చాను. కాగితం దూరంగా పట్టుకుని చూసుకుంటూ, ‘తెలుగులోనే మాటాడతారు కదా?’ అనడిగారు.