నాలుగేళ్ల తర్వాత నా సముద్రపు ట్యాంకు రాళ్లు

చెన్నై పెరంబూర్‌లోని మా ఇంటి హాల్లో నాలుగడుగుల ఉప్పునీటి ట్యాంకు ఉంది. వెడల్పు అడుగున్నర, ఎత్తు అడుగున్నర. అంచుల దాకా పోస్తే 250 లీటర్లు పడుతుంది. 2021లో మొదలుపెట్టాను. ఇంటికొచ్చినవాళ్లు లైటు గురించి అడుగుతారు, నీటిని చల్లబరిచే చిల్లర్‌కి కరెంటు బిల్లు ఎంతవుతుందని అడుగుతారు. రాళ్ల సంగతి మాత్రం ఎవరూ అడగరు. నన్ను ఎక్కువ ఏడిపించినవి అవే.

మొదటిసారి కొళత్తూర్‌లో ఒక షాపు నుంచి 25 కిలోల ఎండు రాయి తెచ్చాను. లీటరుకు నూరు గ్రాముల లెక్క ఎక్కడో విని, దాన్నే పట్టుకున్నాను. ముందు ఇసుక పోసి, దాని మీద రాళ్లు పేర్చుకుంటూ వెనక అద్దానికి ఆనించి పైదాకా కట్టాను. మా అమ్మ చూసి, "ఏరా, బొమ్మల కొలువు పెడుతున్నావా?" అంది. నిజంగానే మెట్లలా ఉంది. నాకప్పుడు అది బాగున్నట్టే అనిపించింది.

అయిదు నెలలకు ఒక రాత్రి హాల్లోంచి 'టక్' మని శబ్దం. లేచి చూస్తే పై వరుస మొత్తం ముందుకు జారి అద్దానికి ఆనుకుని ఉంది. ఇసుక నోట్లోకి తీసుకుని జల్లెడ పట్టినట్టు వదిలే గోబీ చేప ఒకటి ఉండేది. అది అడుగు రాయి కింద గుంట తవ్వేసింది. దాని తప్పేం లేదు, తవ్వడమే దాని పని. అద్దం పగల్లేదు కానీ వేలెడంత గీత ఇప్పటికీ ఉంది. రాయి ఎప్పుడూ అడుగు అద్దం మీదే నిలబడాలి, ఇసుక ఆ తర్వాతే పోయాలి. ఇప్పుడు ఫాల్స్ సీలింగ్ లైట్ల కింద పెట్టే గళ్ల ప్లాస్టిక్ షీటు ముక్క అద్దం మీద పరిచి, దాని మీద రాయి పెడుతున్నాను.

ఆ గోడ చేసిన రెండో పాపం వెనక పేరుకున్న మడ్డి. అక్కడికి నీటి ప్రవాహం అందదు, చెయ్యి అంతకన్నా పట్టదు. తిండి ముక్కలు, చేపల రెట్ట అక్కడే కుళ్లేవి. ఆ కుళ్లుతో నీటిలో నైట్రేట్ పెరిగేది, పరీక్ష చేసిన ప్రతిసారీ గొట్టంలో నీళ్లు ఎర్రగా తిరిగేవి, రాళ్ల మీద పచ్చని జుట్టు నాచు. దానికి తోడు ఒక నీలం డామ్సెల్ మిగతా చేపల్ని తరిమి తరిమి కొడుతుంటే, దాన్ని పట్టడానికి ఒక ఆదివారమంతా రాళ్లన్నీ బకెట్లలోకి తీయాల్సి వచ్చింది. తీసినవి మళ్లీ అలాగే పేర్చబుద్ధి కాలేదు.

ఇక్కడొక మాట. సముద్రంలోంచి తెచ్చిన 'లైవ్ రాక్' (జీవులు పట్టి ఉన్న పగడపు రాయి) అని ఎవరైనా చూపిస్తే పక్కకు తప్పుకోండి. రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం బట్టీల కోసం పగడపు రాయిని తవ్వి తీసిన చరిత్ర ఉంది. ఇంకా మన ట్యాంకు కోసం కూడా ఎందుకు?

రెండోసారి రాళ్లు నేనే పోశాను. ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు కోళ్ల దాణా కొట్లో దొరికే సముద్రపు చిప్పల గుల్ల, ఒక పాలు కల్లుప్పు. ప్లాస్టిక్ టబ్బులో తడి ఇసుక నింపి, పిడికిలితో గుంటలు చేసి, అందులో ఈ ముద్ద పోయడమే. ఉప్పు తర్వాత నీటిలో కరిగిపోయి రాయి నిండా చిల్లులు మిగులుతాయి. నీటిని శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా చేరేది ఆ చిల్లుల్లోనే. ఖర్చు వెయ్యి రూపాయలు దాటలేదు. ఓపిక మాత్రం బాగానే ఖర్చయింది. సిమెంటులోంచి సున్నం ఊరుతూనే ఉంటుంది, పీహెచ్ ఆకాశాన్ని అంటుతుంది. డాబా మీద డ్రమ్ములో నానబెట్టి వారం వారం నీళ్లు మార్చాను. కొన్ని వారాల పాటు టెస్టు కిట్‌లో చివరి రంగే వచ్చేది. 8.3కి దిగి అక్కడే నిలబడేసరికి రెండున్నర నెలలు. మా ఆవిడ "ఏవండీ, ఆ డ్రమ్ములో దోమలు గుడ్లు పెడతాయేమో" అని రోజూ గుర్తుచేసేది.

అతికించడం సూపర్ గ్లూతో. జెల్ రకం కొనండి, నీళ్లలాంటిది కారిపోతుంది. సందుల్లో దూది కుక్కి దాని మీద గ్లూ వేస్తే రాయిలా బిగుస్తుందని ఎవరో చెబితే అలాగే చేశాను. దూది మీద చుక్క పడిన క్షణానికి తెల్లటి పొగ లేచింది, వేలు చురుక్కుమంది, కళ్లు మండాయి. దూదికి ఆ గ్లూకి పడదు, విపరీతమైన వేడి పుడుతుంది. తర్వాత దూది మానేసి వంటసోడా చల్లాను. అదీ టక్కున బిగుస్తుంది, కానీ చేసేది బాల్కనీలోనే. కమానులాంటి ముక్కలకు గ్లూ ఒక్కటే చాలదు. రెండు వైపులా డ్రిల్ చేసి మధ్యలో యాక్రిలిక్ కడ్డీ దూర్చాలి. నేను ఒక కమానుకు బద్ధకించాను, ఎనిమిది నెలలకు అది మధ్యకు విరిగింది.

ఈసారి మొత్తం 12 కిలోలే. రెండు దిబ్బలు, మధ్యలో ఖాళీ, అన్ని వైపులా అద్దానికి బెత్తెడు దూరం. ఒక్కో దిబ్బ మూడు ముక్కలు. ఒక్కో ముక్కను చిన్న రాళ్లు అతికించి చేశాను కానీ ముక్కకు ముక్కను అతికించలేదు, గాడిలో కూర్చుంటాయంతే. ఏ చేపనైనా పట్టాలంటే పై ముక్క ఎత్తితే చాలు.

మొదటి మూడు నెలలు చూడ్డానికి దరిద్రంగా ఉంది, దాచను. బూడిద రంగు సిమెంటు మీద గోధుమ రంగు పొర, ఆ తర్వాత పచ్చ నాచు. ఏడాది దాటాక రాయికి గట్టి పొరలా అంటుకునే గులాబీ, ఊదా రంగు కోరలైన్ నాచు మచ్చలుగా మొదలై పాకింది. ఇప్పుడు అది సిమెంటు రాయో షాపు రాయో నాకే గుర్తుపట్టడం కష్టం. పోల్చి చూద్దామని ఒక సిరామిక్ రాయి కూడా కొన్నాను. తేలిక, శుభ్రం, నానబెట్టే పని లేదు. చిల్లులన్నీ ఒకే సైజు, అదొక్కటే నచ్చలేదు.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి మా వీధిలో రెండు రోజులు కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఒక్కటే దిక్కు. ఒక రొయ్య పోయింది, చేపలన్నీ బతికాయి. పాత గోడ వెనక మడ్డి అలాగే ఉండుంటే ఉన్న కాస్త ఆక్సిజన్ అదే తాగేసేదని నా అనుమానం.

లోపాలు లేవని కాదు. సిమెంటు రాయి ఇప్పటికీ గీకితే పొడి రాలుతుంది. మష్రూమ్ అనే మెత్తని పగడాల అడుగు దాని మీద బాగానే పట్టుకుంది కానీ జోయా అనే చిన్న పగడాలు రెండుసార్లు ఊడివచ్చాయి. కుడి దిబ్బ పై ముక్క గాడి అరిగి కాస్త ఊగుతోంది. దానికి వచ్చే నెల కడ్డీ వేయాలి, ఈసారి బద్ధకించకుండా.